సీతాఫలం బీరుకు ఋతు ధ్రువీకరణ

మా రాళ్లచెలక ఆబ్కారీ కార్యాలయంలో అభ్యంతరం పడకుండా ఏ ఫైలూ నా బల్ల దాటిపోలేదు. గొప్పకు చెప్పుకోవడం లేదు. ఇరవై రెండేళ్ల సర్వీసు నాది, సీనియర్ అసిస్టెంటు చెన్నకేశవులు అంటే జిల్లా ఆఫీసులో కూడా తెలుసు. మా సూపరింటెండెంటు విశ్వంభరరావు గారి లెక్కలో అభ్యంతరం లేని ఫైలు అనుమానించాల్సిన ఫైలు. తప్పు ఉంటే తప్పు రాయాలి, లేకపోతే కనీసం ఒక సందేహమైనా రాయాలి. అలా నేను రాసిన సందేహం ఒకటి మా ఊళ్లోకి వానాకాలాన్నీ చలికాలాన్నీ వార్డుల వారీగా తెచ్చిపెట్టింది. ఆ సంగతి నేనే చెబుతాను. వేరేవాళ్లు చెబితే లేనిపోనివి కలుపుతారు.

పాత బస్టాండు వెనక కౌసల్య నడిపే బీరు దుకాణం ఉంది. పేరు 'నురుగు'. అక్కడ దొరికేది సీసా బీరు కాదు, వెనక గదిలో ఆమె తన చేతులతో కాచి పులియబెట్టే బీరు. వాళ్ల నాయన ఎల్లాగౌడ్ నలభై ఏళ్లు కల్లు గీయడానికి తాళ్లెక్కిన మనిషి, మోకాళ్లు మొరాయించాక చెట్టెక్కే మోకు గోడకు తగిలించాడు. కూతురు బెంగళూరులో పని నేర్చుకుని వచ్చి, కల్లుకు కాలం ఉన్నట్టే బీరుకూ కాలం ఉండాలంది. ఎండాకాలం మామిడి, తొలకరికి నేరేడు, చలికి జొన్న, దసరా దాటాక సీతాఫలం. మా ఊరి చుట్టూ గుట్టల మీద సీతాఫలం చెట్లే. పండు దిగగానే పదిహేను మంది ఆడవాళ్లు కౌసల్య వాకిట్లో కూర్చుని గింజలు తీస్తారు. ఆ గుజ్జును మంట మీద పెడితే చేదెక్కుతుంది కాబట్టి, బీరు చల్లబడి ట్యాంకులోకి వెళ్లాకే కలుపుతుంది.

ఆ బీరు గురించి చెప్పాలంటే నన్నే అడగాలి. నురుగు పెదవికి తగులుతుంటే ముందు పండు వాసన వస్తుంది. గొంతు దిగేటప్పుడు తీపి ఉండదు, దిగాక వస్తుంది. నాకు ఏడాదిలో అంతకు మించిన సుఖం లేదు, ఈ మాట మా ఆవిడ సుగుణ ముందు అననుగానీ నిజం. దీపావళి మర్నాటి నుంచి కార్తీకం నెలంతా చుక్క ముట్టనని ఆమె నాతో దీపం ముందు ఒట్టు వేయించుకుంది. మా ఊరి మగవాళ్లలో సగం మంది సంగతి ఇంతే. దసరాకూ దీపావళికీ నడుమ ఉన్న ఆ కొద్దిరోజులే మా పండగ.

ఈ ఏడు దసరా అయిన వారానికి కౌసల్య దరఖాస్తు వచ్చింది. సీజనల్ బీరుకు ప్రతిసారీ విడిగా అనుమతి తీసుకోవాలి. కాగితాలన్నీ పద్ధతిగా ఉన్నాయి. లేబుల్ ఉంది, ల్యాబు నివేదిక ఉంది, ట్యాంకు కొలత ఉంది. అరగంట వెతికినా వంక దొరకలేదు. భోజనానికి వేళవుతోంది, ఆకలి దంచేస్తోంది. విసిగిపోయి ఇలా రాశాను: 'సీజనల్ బీరు అని పేర్కొనబడినది. అయితే ప్రస్తుతము సదరు సీజను నడుచుచున్నదని రుజువు జతచేయబడలేదు.' ఆమె ఒక వాక్యం రాసి తెస్తుంది, శుక్రవారానికి గ్లాసు నా చేతిలో ఉంటుంది అనుకున్నాను.

విశ్వంభరరావు గారు దాన్ని రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈ శాఖలో ఇంతవరకు ఋతువును ప్రశ్నించిన వాడు లేడని, ఇది చిన్న విషయం కాదని, దీని వెనక పెద్ద లొసుగు ఉండవచ్చని అన్నారు. గంటలో మనుషులు వెళ్లి కౌసల్య ట్యాంకుకు సీలు వేశారు. లైసెన్సు నిబంధన ఒకటి ఉంది, సీజను ముగిసేలోగా అమ్ముడుపోని సరుకు పారబోయాలి, పారబోసిన వారికి వచ్చే ఏడు లైసెన్సు లేదు. ఆ నిబంధన ఉందని నాకు తెలుసు. దాని దాకా వస్తుందని తెలియదు.

మర్నాడు కౌసల్య గంప నిండా పండ్లు తెచ్చి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టింది.

"సార్, గిదేం రాత? బస్టాండుల గంపలకు గంపలు అమ్ముతున్నరు. ఒక్కపారి కిటికీలకెళ్లి చూడున్రి."

"కిటికీ గుండా గమనించిన విషయములు రికార్డుగా పరిగణింపబడవమ్మా," అన్నారు విశ్వంభరరావు గారు. "పండు ఉండుట పండుకు రుజువు, ఋతువుకు కాదు. శీతల గిడ్డంగిలో ఏ పండైనా ఏ కాలమందైనా లభ్యమగును. సమర్థుడైన అధికారి సంతకముతో ఋతు ధ్రువీకరణ పత్రము దాఖలు చేయవలెను."

గంపను మాత్రం సాక్ష్యంగా స్వీకరించారు. సాయంత్రానికి సాక్ష్యంలో గింజలు మిగిలాయి.

ఆ పత్రం కోసం కౌసల్య తిరగని ఆఫీసు లేదు. తహసీల్దారు కార్యాలయంలో కులం, ఆదాయం, నివాసం మూడూ ధ్రువీకరిస్తారు గానీ ఋతువుకు ఫారం లేదన్నారు. కావాలంటే ఆమె ఈ ఋతువులో నివసిస్తున్నట్టు ఇస్తామన్నారు, అయితే పదేళ్లుగా అదే ఋతువులో ఉంటున్నట్టు ఇద్దరు సాక్షులు కావాలట. వాతావరణ కేంద్రం వాళ్లు రేపు ఏం జరగవచ్చో చెప్పగలం, ఇవాళ ఏముందో మా పరిధి కాదన్నారు. వ్యవసాయ శాఖలో వానాకాలం, యాసంగి అని రెండు పంట కాలాలే ఉన్నాయి, వాళ్ల లెక్కలో అప్పటికే యాసంగి మొదలైంది, యాసంగి పంటల జాబితాలో సీతాఫలం లేదు. చివరికి ఆమె మృత్యుంజయ సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్లింది. ఆయన పంచాంగం తిప్పి, నడుస్తున్నది శరదృతువని, కార్తీక అమావాస్య సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు ముగుస్తుందని, ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇచ్చాడు.

సిద్ధాంతి ప్రైవేటు వ్యక్తి కనుక ఆ కాగితం చెల్లదన్నారు విశ్వంభరరావు గారు. కానీ గంటలు నిమిషాలతో సహా ఉండటం ఆయనకు బాగా నచ్చింది. వెంటనే ఋతు నిర్ధారణ సంఘం ఒకటి వేశారు. తాను అధ్యక్షుడు, సిద్ధాంతి సాంకేతిక సభ్యుడు, రాసుకోవడానికి నేను. జన్మలో మద్యం వాసన చూడని సిద్ధాంతికి ఆబ్కారీ శాఖ గుర్తింపు కార్డు మెడలో వేశాం. మొదట వద్దన్నాడు. తర్వాత సత్యనారాయణ వ్రతాలకు కూడా దాన్ని వేసుకునే వెళ్లేవాడు.

సంఘం పని మొదలుపెట్టేలోపే దీపావళి వచ్చింది, పోయింది. సుగుణ దీపం వెలిగించి నా ఒట్టు గుర్తు చేసింది. దీపావళి లోపు సీతాఫలం బీరు నాకు ఒక్క గుక్క కూడా దక్కలేదు. నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నాను, ఇంకెవర్ని తిట్టుకోను.

సంఘం పరిశీలనకు బయల్దేరింది. మున్సిపాలిటీలో పన్నెండు వార్డులు, రోజుకు రెండు. ప్రతి వార్డులో నిలబడి ఆకాశం, గాలి, మంచు, పూత, పక్షి అని అయిదు అంశాలు నమోదు చేయాలి. మొదటి నాలుగు వార్డుల్లో ఏ గొడవా లేదు, శరత్తే. అయిదో వార్డులో కోకిల కూసింది. అది పక్కన నిలబడ్డ పాలవాడి ఫోను. ఆ మాట చెప్పబోతే సూపరింటెండెంటు గారు చెయ్యెత్తి ఆపి, ధ్వని వినబడినంతవరకు రాయమన్నారు, ధ్వని యొక్క పుట్టుక మన పరిధి కాదన్నారు. అయిదో వార్డు వసంతమైంది. మేం తొమ్మిదో వార్డుకు వెళ్లేసరికి ఎక్కడో తుపాను పట్టి ఇక్కడ జల్లు కొట్టింది. గొడుగు కింద నిలబడి నేను వర్షర్తువు అని రాశాను. పన్నెండో వార్డులో ఎండ మండిపోతుంటే ఒక బ్యాంకులోకి వెళ్లి కూర్చున్నాం. అక్కడి ఏసీకి సిద్ధాంతి శాలువా కప్పుకున్నాడు. శాలువా కప్పుకున్న సంగతి నమోదై, పన్నెండో వార్డు హేమంతంలో పడింది.

సిద్ధాంతికి ఇక ఉండబట్టలేదు. "అయ్యా, ఆకాశం మొత్తానికి ఋతువు ఒక్కటే. వార్డుకొకటి ఉండదు."

"అది మీ ఆకాశము, సిద్ధాంతి గారూ. మునిసిపల్ ఆకాశము వార్డుల వారీగా విభజింపబడినది," అన్నారు విశ్వంభరరావు గారు. సిద్ధాంతి మెడలోని కార్డును ఒకసారి చూసుకుని, తిన్నగా సర్దుకున్నాడు.

పటం తయారైంది. వార్డు సరిహద్దుల్లో బోర్డులు పాతారు. 'ఇక్కడ శరదృతువు సమాప్తము. వర్షర్తువునకు స్వాగతము. గొడుగులు వెంట ఉంచుకొనుడు.' ఎనిమిదో వార్డుకూ తొమ్మిదో వార్డుకూ నడుమ హద్దు పాత మురుగుకాలవ. కాలవను ఎప్పుడో పూడ్చి, దాని మీద కౌసల్య దుకాణం కట్టింది. కొలిచి చూస్తే హద్దు సరిగ్గా దుకాణం నడుమ నుంచి పోయింది. ట్యాంకు గది ఎనిమిదో వార్డులో, అంటే శరత్తులో. జనం కూర్చునే హాలు, గల్లా, వాకిలి తొమ్మిదిలో, వర్షర్తువులో.

విశ్వంభరరావు గారు సున్నపు గీత గీయించి, ఆ గీతను చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. సంతోషంగా నా వైపు తిరిగారు. "శరత్తులో ఉత్పత్తి, వర్షర్తువులో విక్రయము. ఇది ఋతువుల మధ్య అక్రమ రవాణా. ఇన్నాళ్లూ మన కళ్ల ముందే జరిగినది."

ఊరికి మాత్రం ఇది మంచి కాలక్షేపమైపోయింది. తొమ్మిదో వార్డు బడి పిల్లలు బోర్డు చూపించి వానకు సెలవు అడిగారు. హెడ్మాస్టరు చూద్దామంటే ఆకాశంలో మబ్బుతునక లేదు, కానీ బోర్డు ప్రభుత్వానిది, ఇవ్వక తప్పలేదు. పన్నెండో వార్డులో స్వెట్టర్లు అమ్మేవాళ్లు పందిరి వేశారు. అయిదో వార్డు వాళ్లు మరీ మిడిసిపడ్డారు. మాది వసంతం, మా వీధిలోకి ఉన్ని టోపీలతో రావద్దు అని పక్క వార్డు ముసలాళ్లను ఆపేశారు. తమకు వర్షాన్ని అంటగట్టి పక్కవాళ్లకు శరత్తు ఇవ్వడం వివక్ష అని తొమ్మిదో వార్డు కౌన్సిలరు రిలే నిరాహార దీక్షకు కూర్చున్నాడు. మాకూ వసంతం కావాలి అని బ్యానరు కట్టాడు. దీక్షా శిబిరం ఎండకు మాడిపోతుంటే పందిరి వేయడానికి అనుమతి అడిగారు. వర్షర్తువులో ఎండ పందిరికి అనుమతి లేదని మున్సిపాలిటీ తిరుగుటపాలో జవాబిచ్చింది.

నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి. ఒక మధ్యాహ్నం గీత సరిగా ఉందో లేదో చూడటానికి కౌసల్య దుకాణానికి వెళ్లేదాకా నవ్వాను.

హాలు ఖాళీగా ఉంది. గింజలు తీసిన ఆడవాళ్లు నలుగురు మెట్ల మీద కూర్చుని, వచ్చే ఏడు పని ఉంటదా బిడ్డా అని ఆమెను అడుగుతున్నారు. ఆమె ట్యాంకు తాళం కప్పల మీది లక్క సీళ్లను చూస్తూ నిలబడింది. మూల స్టూలు మీద ఎల్లాగౌడ్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు, మోకాళ్లు సహకరించలేదు.

"కూసో సారూ," అన్నాడు. "నలభై ఏండ్లు తాళ్లెక్కిన. ఏ తాడు ఎప్పుడు పారుతదో దానికే ఎరుక. పోతుతాడు కల్లు అయిపోయినంక పండుతాడు కల్లు. మనం పోయి గీసుడే. ఒక్క చెట్టు గూడ నన్ను కాయితం అడగలే."

ఆయన నన్ను తప్పుపట్టడానికి అనలేదు, మామూలుగా అన్నాడు. అదే నాకు గుచ్చుకుంది. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాను. సుగుణ అడిగింది, చెప్పేశాను. రాసింది నువ్వే అయితే కొట్టేసేదీ నువ్వేగా అంది. ఫైలెక్కిన అభ్యంతరాన్ని కొట్టేయడం ఎవరి చేతుల్లోనూ ఉండదని ఆమెకు ఎలా చెప్పను. దాన్ని పైకి పంపించడం ఒక్కటే దారి. మర్నాడు ఆఫీసుకు వెళ్లి, జిల్లా జాయింటు కమిషనరు గారికి ఎనిమిది పేజీల నోటు రాశాను. ఒకే గదిలో రెండు ఋతువులున్నప్పుడు ఏ ఋతువు నిబంధనలు వర్తిస్తాయో స్పష్టత కోరుతున్నాం అని. స్పష్టత కోరితే మావాళ్లు ఆగలేరు, ఆ సంగతి నాకు తెలుసు.

జాయింటు కమిషనరు గారు కార్తీక అమావాస్యకు ముందురోజు దిగారు. ఆయన వెంట నాలుగు కార్లు వచ్చాయి. గీతకు అటు ఒక కాలు ఇటు ఒక కాలు పెట్టి నిలబడి, కళ్లు మూసుకుని, రెండు ఋతువులూ తనకు తెలుస్తున్నాయన్నారు. విశ్వంభరరావు గారు పటం చూపించారు. నేను నోటు చదివి వినిపించాను. కౌసల్య చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంది.

ఆయన తీర్పు ఇలా సాగింది. "సరుకు ఋతువు దాటరాదు. కానీ పౌరుడు దాటవచ్చును, రాజ్యాంగము ఆ స్వేచ్ఛను ప్రసాదించినది. కావున వినియోగదారుడే గీత దాటి శరత్తులో ప్రవేశించి, అక్కడనే కొనుగోలు చేయవలెను. కొన్నది చేతబట్టుకొని వెనుకకు రావచ్చును, అది వ్యక్తిగత వినియోగము. ప్రవేశించువాడు తాను స్వచ్ఛందముగా ఋతువు మారుచున్నట్లు పత్రము సమర్పించవలెను."

అమ్మకం రేపు ఒక్కరోజే, సాయంత్రం నాలుగు నలభై వరకే. ఆ తర్వాత హేమంతం, మిగిలింది పారబోయాలి. ఋతు ప్రవేశ పత్రాలను పరిశీలించడానికి గీత దగ్గర ఒక బాధ్యుడైన ఉద్యోగి కూర్చోవాలి. అందరూ నా వైపు చూశారు.

కార్లు వెళ్లిపోయాక కౌసల్య ట్యాంకు మీద చెయ్యి వేసి చూసింది. నాలుగు వందల లీటర్లు. తన దుకాణానికి వచ్చేవాళ్లను ఒక్కొక్కరిగా పేరుపెట్టి తలుచుకుంది. సగం మంది కార్తీకంలో ఉన్నారు. వాళ్లు తాగాలంటే కార్తీకం వెళ్లాలి, కార్తీకం వెళ్లేది నాలుగు నలభైకే. అప్పటికి అమ్మకం బంద్. ఆమె నేల మీద కూలబడిపోయింది. అంతవరకు ఒక్క మాట తూలని మనిషి కళ్లు తుడుచుకుంది.

సిద్ధాంతి ఇంకా వెళ్లలేదు, చెప్పులు వేసుకుంటున్నాడు. ఒక చెప్పు వేసుకుని ఆగిపోయాడు.

"అమ్మాయీ, వాళ్లు పట్టిన నియమం తాగకూడదని కదా. కొనకూడదని కాదు కదా," అన్నాడు. "నాలుగు నలభైకి ముందు కొనుక్కోమను. పట్టుకుని కూర్చోమను. అమావాస్య వెళ్లగానే నేను చెబుతాను, అప్పుడు పుచ్చుకోమను. నీ గవర్నమెంటుకు దోషం లేదు, వాళ్ల కార్తీకానికీ దోషం లేదు."

ఇది నిబంధనలకు లోబడి ఉందా అని విశ్వంభరరావు గారిని అడిగాను. ఆయన పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పి, నిబంధన అమ్మకం గురించే మాట్లాడుతోందని, తాగడం గురించి శాఖకు ఏ అభిప్రాయమూ లేదని తేల్చారు.

మర్నాడు పదకొండింటికి సీలు తీశారు. అప్పటికే బస్టాండు దాకా జనం. ఫారాలు నింపడానికి బడి పంతుళ్లు ఇద్దరు బల్లలు వేసుకుని కూర్చున్నారు, వాన సెలవే కదా. గీత దగ్గర కుర్చీలో నేను. ఒక్కొక్కడూ వచ్చి, నేను ఫలానా వాడి కొడుకును, నా ఇష్టపూర్వకంగా వర్షర్తువు నుంచి శరదృతువులోకి ప్రవేశిస్తున్నాను అని చదివేవాడు, నేను ముద్ర వేసేవాణ్ణి, వాడు కాలు ఎత్తి గీత దాటేవాడు. కొంతమంది చెప్పులు విడిచి దాటారు. దీక్ష విరమించి కౌన్సిలరు వచ్చాడు, వసంతం సంగతి తర్వాత చూద్దామన్నాడు. గింజలు తీసిన ఆడవాళ్లు తలా ఒక గ్లాసు కొనుక్కుని ఎల్లాగౌడ్ పక్కన కూర్చున్నారు. రెండు గంటలకు విశ్వంభరరావు గారు వచ్చారు. తాను పరిశీలనకు వచ్చానన్నారు. రెండుసార్లు పరిశీలించారు.

కార్తీకం లేనివాళ్లు తాగి నవ్వుతూ పోతున్నారు. ఉన్నవాళ్లు గ్లాసులు రెండు చేతులా పట్టుకుని, హాల్లో, మెట్ల మీద, బస్టాండు అరుగుల మీద వరసగా కూర్చున్నారు. మూడు వందల మంది ఉంటారు. నురుగు అణిగిపోతుంటే ప్రాణం పోతున్నట్టు చూస్తున్నారు. సిద్ధాంతి వాకిట్లో కుర్చీ వేసుకుని, ఒళ్లో పంచాంగం, చేతిలో గడియారంతో కూర్చున్నాడు. ఎవరైనా గ్లాసు కొద్దిగా పైకెత్తితే కళ్లతోనే దించేస్తున్నాడు.

నాలుగున్నర దాటింది. ఇక గీత దగ్గరికి ఎవరూ రాలేదు. కౌసల్య లోపలి నుంచి పిలిచింది. ట్యాంకు కింద చివరి గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ట్యాంకులో ఇంకేమీ లేదు. ఈ ఒక్కటీ అమ్ముడుపోతే పారబోయడానికి చుక్క లేదు.

నేను కుర్చీలోంచి లేచాను. ఫారం నింపాను. నా పత్రం మీద నేనే ముద్ర వేసుకుని, ఫారాల ఫైలుతో సహా గీత దాటాను. డబ్బులిచ్చి గ్లాసు తీసుకున్నాను. టైము నాలుగూ ముప్పై ఏడు. గోడకు వేలాడుతున్న పుస్తకంలో ఆమె సరుకు నిల్వ సున్నా అని రాసి కింద గీత గీసింది. అప్పుడు ఆమె ముఖంలోకి రంగు వచ్చింది. ఇంకా మూడు నిమిషాలు నేను ఒట్టు మీద ఉన్నాను, గ్లాసు చేతిలో చల్లగా ఉంది. ఆ మూడు నిమిషాలు మాట్లాడకుండా నిలబడటం నా వల్ల కాలేదు.

"కౌసల్యా, ఆ సందేహం రాసింది నేను," అన్నాను.

"నాకెర్కే సార్. నా మామిడి కాయితం మీద, జొన్న కాయితం మీద గూడ గదే చేతిరాత."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదే?"

"అంటే ఇంకోటి రాస్తవని."

ఆమె ఫైలు అందుకుని నా ఫారం దగ్గర తెరిచింది. నా జేబులోంచి నా పెన్నే లాక్కుని, ట్యాంకు మూత మీద పెట్టి, నిదానంగా ఏదో రాసి నా ముందు పెట్టింది. నెలన్నరగా మా ఆఫీసు చుట్టూ తిరిగి మా భాష మొత్తం నేర్చేసుకుంది. 'దరఖాస్తుదారునికి దాహము కలదని రుజువు జతచేయబడలేదు.'

బయట సిద్ధాంతి లేచి నిలబడ్డాడు. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, పంచాంగం మూసి, చెయ్యి పైకెత్తాడు. "వెళ్లింది," అన్నాడు. మూడు వందల గ్లాసులు ఒక్కసారి లేచాయి. నేనూ ఎత్తాను, దించకుండా తాగాను. ముందు పండు వాసన వచ్చింది. తీపి దిగాక వచ్చింది. ఖాళీ గ్లాసును ఆ కాగితం మీద పెట్టాను. అడుగు తడికి దాని మీద గుండ్రంగా ముద్ర పడింది. కౌసల్య ఆ ముద్ర పక్కన సంతకం చేసి, ఫైలు మూసేసింది.